ఆతిథ్యము ఎవరి వ్యయమున?



విద్య ముగించుకొని ఇల్లు చేరబోవు శిష్యునకు తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి చేయు ఉపదేశములలో, అతిథిని దైవముగ భావింపుమనునది యొకటి. ఈ మాట మనకెంత పరిచితమనగా, దానిని గూర్చి యోచించుట మనము మానివేసితిమి. దైవముగ భావించువాడు గృహస్థుడు, బాగుగనే యున్నది. కాని అతని భావనకు కట్టెలు మోయువారెవరు? నీళ్లు తోడువారెవరు? రాత్రి రెండవ జామున చల్లారిన పొయ్యిని మరల రాజేయువారెవరు? ఈ ప్రశ్నను ఉపనిషత్తు అడుగలేదు. మనమడుగవలసియున్నది.

కఠోపనిషత్తు ఈ విషయమున కొంత లోతునకు పోయినది. తండ్రి కోపవశమున యమునకు ఈయబడిన నచికేతుడను బాలుడు యముని ఇల్లు చేరునప్పటికి యముడింట లేడు. మూడు రాత్రులు ఆ బాలుడు నిరాహారుడై యచటనే నిలిచెను. యముడు తిరిగి వచ్చి, ప్రాణికోటి నెల్ల శాసించు ప్రభుడయ్యును, ఆ బాలునకు నమస్కరించి, ఆకలితో గడచిన రాత్రికొక్కటి చొప్పున మూడు వరములిచ్చెను. ఆత్మవిద్య లోకమునకు దక్కినది ఆ మూడవ వరము మూలముననే. ఈ కథలో నన్నాకర్షించునది చిన్న విషయము. తానింట లేనైతినని యముడు తప్పించుకొనలేదు. ఇంటనున్నవారిపై దోషము మోపలేదు. అప్పు తనదే యని యొప్పుకొని, తన యొద్ద నున్నదానితోనే తీర్చెను.

మా ప్రాంతమున, అనగా గోదావరికి ఈవలి కరీంనగరము, ఆవలి ఆదిలాబాదు అను పూర్వపు జిల్లాలలో (2016వ సంవత్సరమున ఈ రెండును అనేక జిల్లాలుగ విభజింపబడినవి), ఇంటికి వచ్చినవారికి మొదట నిచ్చునది అన్నము కాదు, కాళ్లకు నీళ్లు. చెంబుతో నీళ్లు తెచ్చి గడపయొద్ద ఉంచుదురు. ఎండలో నాలుగు కోసులు నడచి వచ్చినవానికి ఆ చెంబెడు నీళ్లు చేయు మేలు చదువరులకు నేను వర్ణింపనక్కఱ లేదు. తరువాత నులక మంచము వాల్చుట, మజ్జిగ యిచ్చుట. వచ్చిన పని యేమని అన్నము తినకముందు అడుగరాదని మా అమ్మ మాకు నేర్పినది. అప్పు అడుగవచ్చినవాడైనను, కూతురి సంబంధము మాటలాడవచ్చినవాడైనను, ఆ సంగతి కడుపు నిండిన పిమ్మటనే బయటపడవలెను. అంతవరకు అతడు వట్టి చుట్టము. ఇది మిక్కిలి సున్నితమైన మర్యాద యని నాకు పెద్దవాడనైన తరువాతగాని తెలియలేదు. ఇక వలదనినకొలది విస్తరిలో కుమ్మరించు మన యలవాటును మాత్రము నేను మర్యాదగ నొప్పుకొనను. తినువాని యాకలి కంటె వడ్డించువాని కీర్తిపైననే అందు దృష్టి యెక్కువ. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలపు నడురేయి వచ్చిన అతిథులకు సమృద్ధిగ వడ్డించుచు, లోపములకు క్షమింపవేడుచున్నట్లు కృష్ణరాయలు చిత్రించెను. ఉన్నదానిని ఘనముగ చెప్పుకొనక తక్కువగ చెప్పుకొను ఆ తీరు మన వారికి ఇప్పటికిని సహజము. ఇదంతయు మంచిదే. నేను చెప్పబోవునది ఇంతటి మంచి మర్యాదలోనే దాగియున్న యొక లోపమును గూర్చి.

మా తాత మానేటి యొడ్డున నొక గ్రామమునకు పట్వారి. నిజాం ప్రభుత్వ కాలమున అధికారులు దౌరాకు వచ్చినప్పుడు గడీలో జరిగెడి సత్కారములను మా నాయనమ్మ కథలుగ చెప్పెడిది. ఆ గడీ దొరవంటి ఆతిథేయుడు ఆ తాలూకాలో లేడని అధికారులు పొగడెడివారట. అది నిజమే కావచ్చును. దొర తానే యెదురు వెళ్లెడివాడు. అతిథి భుజించువఱకు తాను ముట్టెడివాడు కాడు. ప్రొద్దున లేవగనే అతిథికి నిద్ర బాగుగ పట్టెనా యని విచారించెడివాడు. ఇందులో కపటము లేదు. అతని స్వభావమే యట్టిది. అయినను ఆ సత్కారమునకు గొల్లలు యాటను తోలిరి. కుమ్మరులు కుండలు తెచ్చిరి. చాకలివారు పక్కలు పఱచి, మసాలా నూఱిరి. బెస్తలు నీళ్లు మోసిరి. మాదిగలు సామానులు నెత్తి కెత్తుకొని తరువాతి మజిలీ దాక నడచిరి. వీరిలో ఎవరికిని దమ్మిడీ ముట్టలేదు. కోళ్లు ఇంటింటినుండి రావలెను. ఏ యింటినుండి ఎన్ని రావలెనో ఆ జాబితా వ్రాసినది మా తాత. ఒకసారి పొదుగుచున్న పెట్టను గుడ్లమీదనుండి లేపి పట్టుకొనిపోయిరనియు, ఆ ఇల్లాలు చల్లారిపోవుచున్న గుడ్లను కొంగులో కట్టుకొని మా వాకిటికి వచ్చి నిలిచెననియు మా నాయనమ్మ చెప్పినది. తాత ఏమనెనని నేనడిగితిని. "ఏమంటడు? పేరు రాసుకున్నడు గదా" అని ఆమె ఊరకుండెను. గడీలో భుజించుచున్న అధికారికి ఈ సంగతి తెలియదు. తెలియకుండ చేయుటయే మంచి ఆతిథ్యమని ఆ కాలపు మర్యాద.

దీనినే మనవారు వెట్టి యనిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ కూడినది. 1935లో నాల్గవ మహాసభ మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది. వెట్టిని రూపుమాపవలెనను కోరిక ఆ ఉద్యమమునకు ప్రాణముల వంటిది. 1948లో నిజాం పాలన తొలగినది. మరుసటి యేడు జాగీరులు రద్దయినవి. చరిత్రకారులు దీనిని శ్రమదోపిడి యని సరిగనే వ్రాసిరి. నేను దానికి మఱియొక మాట చేర్చుచున్నాను. వెట్టిలో అధికభాగము ఆతిథ్యము పేరిటనే జరిగినది. దౌరా, పెండ్లి, పండుగ, వచ్చిన చుట్టము: ప్రతిదానికిని మొగమున చిరునవ్వుతో నొక గృహస్థుడు ద్వారమున నిలిచియుండెను, అతని వెనుక ఊరంతయు వంగియుండెను. దుర్మార్గుడొకడు దోచుకొనిన తెలియును. మంచివాడు తన మంచితనమును నెఱవేర్చుకొనుటకై ఇతరుల గుడ్లమీది పెట్టను లేపించిన, దానిని మనమేమందుము?

చిరుతొండనంబి కథ చదువరులకు తెలియనిది కాదు. జంగమరూపమున వచ్చిన శివుడు నరమాంసము కోరగా, ఆ దంపతులు తమ సిరియాళుని వధించి వండిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునను, శ్రీనాథుడు హరవిలాసమునను దీనిని కీర్తించిరి. కడపట బాలుడు బ్రదికెను గనుక కథ సుఖాంతమైనది. భక్తిని గూర్చి నేనిచట వాదింపను. అతిథిని తృప్తిపఱచు పట్టుదల హద్దు మీఱినప్పుడు, ఇంటిలోని మిక్కిలి చిన్నవాని యొద్దనుండియే ఆ వెల వసూలగునని మాత్రము ఆ కథ, తా నుద్దేశింపకయే, చూపుచున్నది.

గడీలు పోయినవి గదా, ఇప్పుడీ మాట యెందులకని అడుగవచ్చును. మీ యింటి వంటయింటిలోనికి ఒక్కసారి తొంగిచూడుడు. రాత్రి తొమ్మిది గంటలకు మిత్రుడొకడు వచ్చును. "భోజనము చేసియే పోవలెను" అని యజమాని చేయి పట్టుకొని నిలుపును. ఎంత యుదారుడని మిత్రుడు తలపోయుచు ఇల్లు చేరును. అప్పటికి వంటపాత్రలు తోమి, పొయ్యి అలికి, నడుము వాల్చబోవుచున్న ఇల్లాలిని ఎవరును అడుగలేదు. ఆమె లేచును. మిగిలిన పులుసు మగవారి విస్తళ్లలోనికి పోవును. ఆమెకును కోడలికిని పచ్చడి మెతుకులు. పూర్వము ఇట్టి యిండ్లలో బాల్యవితంతువొకతె యుండెడిది. నలుబది సంవత్సరములు వంద పెండ్లిళ్లకు వండి, ఒక్క పంక్తిలోనైనను కూర్చుండక, తన పేరున నొక్క అతిథినైనను పిలువక ఆమె కన్నుమూసెడిది. ఆ యింటి అన్నదానకీర్తి యజమానిది. ఇది చిన్న వెట్టి. గోడలలోపలిది కనుక దీనికి మహాసభ జరుగలేదు.

నాకీ యోచన పుట్టినది పుస్తకములవలన కాదు. నా ఇరువదియవ యేట ఎడ్లు కొనుటకై ఆదిలాబాదు అడవులకు పోయితిని. దీపావళి వెళ్లిన దినములు. రాయపట్నము వద్ద గోదావరి దాటి, జన్నారము మీదుగా ఉట్నూరు వైపునకు మా బండి సాగినది. బండి తోలినవాడు మా యింటి జీతగాడు, గొల్ల కులమువాడు, నాకు తండ్రి యీడువాడు. చీకటి పడువేళకు ఇరుసు విఱుగగా, దగ్గఱనున్న గోండుల గూడెమున నొక యింటి ముంగిట ఆగితిమి. ముసలమ్మ యొకతె నీళ్ల చెంబు తెచ్చినది. నేను పాదములు ముందునకు చాచితిని. ఆమె నన్ను దాటిపోయి మా జీతగాని యెదుట చెంబు పెట్టినది. వాడు బెదిరి వెనుకకు జరిగెను. ఆమె గోండీలో నేమో యనగా, ఆమె కుమారుడు వచ్చీరాని తెలుగులో "పెద్దోడు, ముందుగాల పెద్దోడు" అని చెప్పెను. వయస్సు తప్ప మాలో ఆమెకు వేఱు భేదము కనబడలేదు. మోదుగాకు విస్తళ్లు రెండు ప్రక్కప్రక్కనే వేసిరి. జొన్నరొట్టె, కందిపప్పు. ఇరువదియేండ్లలో ఆ మనిషి ప్రక్కన నేను తినుట అదియే మొదటిసారి. వాడు నావైపు చూడక తినెను; నేనును వాని వైపు చూడలేదు.

తెల్లవారి లేచి చూడగా ఆ యింటివారు అంబలి మాత్రమే త్రాగుచుండిరి. రాత్రి మాకు పెట్టిన పప్పు వారి పప్పంతయు నని నేనూహించితిని. రూపాయలు తీసి ముసలాయన చేతిలో పెట్టబోతిని. ఆయన కోపింపలేదు; నవ్వుచు కుమారునిచేత నడిగించెను: "మీ ఊరికి మేమొస్తే మీరు మాకు నీళ్లియ్యరా?"

ఆ ప్రశ్నకు నేను తల యూపితిని. ఆ తల యూపుట అబద్ధమని నాకును తెలియును, నా వెనుక నిలిచిన జీతగానికిని తెలియును.

ఆ ప్రశ్న వారికెంత సహజమో తరువాత గ్రహించితిని. దీపావళి రోజులలో గోండులు దండారీ యను పండుగ చేయుదురు. ఒక గూడెమువారు గుమేల, పర్ర, పెప్రె వాద్యములతో, నెమలి యీకల టోపీలు ధరించిన గుస్సాడీలతో మఱియొక గూడెమునకు అతిథులై పోవుదురు. ఆ గూడెమువారు వారిని ఎదుర్కొని, రాత్రి యుంచుకొని, ఊరంతయు కలిసి భోజనము పెట్టుదురు. తరువాత ఆతిథేయులు అతిథులగుదురు, అతిథులు ఆతిథేయులగుదురు. పెండ్లి సంబంధములును ఇట్టి రాకపోకలలోనే కుదురును. ఈ యేర్పాటులోని వివేకమును గమనింపుడు. నేడు వడ్డించువాడు రేపు విస్తరిముందు కూర్చుండవలసినవాడు గనుక, పెట్టుటవలన పైచేయి యను గర్వమునకు చోటు లేదు. ఒక యింటి కీర్తి కొఱకు మఱియొక యింటి పెట్ట పోదు. మన గడీ దొర ఏనాడును తన ఊరి కుమ్మరి ఇంట అతిథి కాలేదు. కాగలనని కలలోనైన తలపలేదు. తిరిగి తీసికొన నొల్లనివాడు ఇచ్చునది నిజమైన స్వాగతమగునా యని నాకు సందేహము.

గోండులలో దోషములు లేవని చెప్పి చదువరులను మోసపుచ్చను. తమ కీర్తిని, తమ వంశకథలను పాడు పర్ధానులతో కలిసి భుజింపని యాచారము వారిలోను నుండినది. పంక్తిభేదము అడవిలోనికి మనవలననే పోయినదని చెప్పుకొనుట ఒక విధమైన పొగడ్తయే గాని సత్యము కాదు.

మర్లవాయి యను గూడెము కథ మఱియొకటి. ఇప్పుడది కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలములో నున్నది. 1940లో జోడెఘాటున కొమురం భీం పోరాడి నిజాం పోలీసుల కాల్పులలో మరణించిన పిమ్మట, క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు వచ్చి, భార్య బెట్టీతో మర్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. ఆయన ఆస్ట్రియా దేశీయుడు. యుద్ధకాలమున ఆంగ్ల ప్రభుత్వమునకు శత్రుదేశపు మనిషి. గోండులకో, పరదేశపు అధికారులందఱు ఒక్కటియే. భీముని మరణము నిన్నటి మాట. అట్టి దినములలో అట్టి మనుష్యుని వారు ఊరిలో నుండనిచ్చిరి. 1943లో ఆ గూడెముననే గోండు బాలుర విద్యకై, ఉపాధ్యాయుల శిక్షణకై కేంద్రమేర్పడెను. బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా ఆమె దేహమును మర్లవాయికి తెచ్చి పూడ్చిరి. 1995లో లండనున గతించిన హైమన్‌డార్ఫ్ అస్థికలు 2012లో అచటికే వచ్చినవి. చుట్టముగ వచ్చినవారికి ఆ ఊరు కడపటి చోటు కూడ నిచ్చినది. గుస్సాడీ నృత్యమునకు 2021లో పద్మశ్రీ పొంది, 2024లో గతించిన కనకరాజుగారిది కూడ ఆ యూరే.

కేస్లాపూరు నాగోబా జాతరను గూర్చియు ఒక మాట. పుష్యమాసపు అమావాస్యకు మెస్రం వంశీయులు గోదావరి జలమును కాలినడకను మోసి తెచ్చి పూజ చేయుదురు. ఆ సందర్భమున వంశములోనికి క్రొత్తగ వచ్చిన కోడండ్రను దేవుని యెదుట, పెద్దల యెదుట నిలిపి పరిచయము చేయుదురు. దానిని భేటింగు అందురు. పరాయి యింటినుండి వచ్చిన యువతిని ఇంతమంది ఒకచోట చేరి, నీవెవరవో మేమెఱుగుదుము, ఇక మాదానవని చెప్పుట సామాన్యమైన స్వాగతము కాదు. మన యిండ్లలో కోడలికి గడపమీది బియ్యపు కడవ తన్నుటతో ఆ మర్యాద ముగియును. మఱునాటినుండి ఆమె వడ్డించు మనిషి. ఈ జాతరలోనే 1940వ దశకమున హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహమున దర్బారు మొదలైనది. అధికారులు అచటికి పోయి గిరిజనుల విన్నపములు వినవలెను. గడీ దౌరాకు ఇది తలక్రిందులు: ఇచట అధికారి తినుటకు కాక వినుటకు పోవు అతిథి.

అతిథికిని ధర్మము కలదు గదా. గోండులు నఱికి చదును చేసికొనిన భూములకు పరులు పట్టాలు పొందిరి. వారిలో మొదట దాహమడిగి ముంగిట కూర్చున్నవారు, కాళ్లకు నీళ్లు పుచ్చుకొనినవారు ఎందఱుండిరో! మన ప్రాంతపు వారును అందులో నుండిరి. వచ్చిన పని యేమని అడుగకుండుట మర్యాద యంటిని. ఆ మర్యాదకు వారు చెల్లించిన మూల్యము ఇది.

ఎడ్లతో ఇల్లు చేరిన దినమున మధ్యాహ్నమైనది. మా అమ్మ నాకు లోపల పీట వేసినది. జీతగాడు ఎప్పటివలె కొట్టము వైపునకు నడచుచుండెను. నేను లేచి పోయి లోపలికి రమ్మంటిని. వాడు నిలిచి, నావైపు కొంతసేపు చూచి, "ఆడ నేను సుట్టాన్ని పంతులూ, ఈడ జీతగాణ్ణి" అనెను. కోపముతో ననలేదు. ఎడ్లకు మేత వేయవలెనన్నంత మామూలుగ ననెను. అరుగుమీద కూర్చుండుమని బతిమాలితిని; కూర్చుండెను. నేనును ప్రక్కన కూర్చుండి, రెండు విస్తళ్లు తెమ్మని లోపలికి కేకవేసితిని.

కేకవేసిన పిమ్మట నాకు తట్టినది, ఆ రెండవ విస్తరి సంగతి నేను మా అమ్మ నడుగలేదని. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయినది. వాడు తలవంచుకొని కాలి బొటనవ్రేలితో నేల గీయుచుండెను. చాలసేపటికి మా అమ్మ ద్వారమున కనబడినది. ఆమె చేతిలో నీళ్ల చెంబు మాత్రమే యున్నది.